ప్రశ్న ముందు, ఫ్రేములు తర్వాత

వీడియో పెట్టి ‘ఇందులో తప్పేముందో చెప్పు’ అని కృత్రిమ మేధను అడగడం ఇవాళ చాలామందికి అలవాటైంది. నెట్స్‌లో బౌలింగ్ చేసే కుర్రాడు అడుగుతున్నాడు. మిరప సాళ్ల మధ్య నడుస్తూ ఫోన్లో వీడియో తీసుకొచ్చిన రైతు అడుగుతున్నాడు. రెండు గంటల పాఠం రికార్డు చేసుకున్న విద్యార్థి అడుగుతున్నాడు. జవాబు క్షణాల్లో వస్తుంది, మంచి భాషలో, ఎంతో నమ్మకంగా. జాగ్రత్త పడాల్సింది అక్కడే. ఆ యంత్రం మనలా వీడియోను మొదట్నుంచి చివరిదాకా కళ్లప్పగించి చూడదు. అందులోంచి తీసిన కొన్ని నిశ్చల చిత్రాలను, అంటే ఫ్రేములను, చూసి మాట్లాడుతుంది.

గూగుల్ వారి జెమినై వీడియోను నేరుగానే తీసుకుంటుంది కదా అని మీరు అడగవచ్చు. తీసుకుంటుంది. కానీ ప్రత్యేకంగా చెప్పకపోతే సెకనుకు ఒక్క ఫ్రేమే తీసి చూస్తుంది. మీ ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తే మిగిలిన 29 దాని కంటపడవు. చాలా ఏఐ మోడళ్లకైతే వీడియో ఇచ్చే దారే లేదు, బొమ్మలే ఇవ్వాలి. ఏ దారిలో వెళ్లినా ఎవరో ఒకరు ఫ్రేములు ఎంచాల్సిందే. ఆ ఎంపిక మీరు చేస్తారా, లేక గడియారం ముల్లుకు వదిలేస్తారా అన్నదే ఈ అధ్యాయం. నా మటుకు నాకు ఆ ఎంపికలోనే సగం జవాబు ఉందనిపిస్తుంది.

నిశ్చల చిత్రాలతో కదలికను అర్థం చేసుకోవడం కొత్త విద్య కాదు. కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌కు గుర్రాలంటే ప్రాణం. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అన్నది ఆయన్ని వేధించిన ప్రశ్న. మామూలు కంటికి అది అందదు. 1878 జూన్‌లో పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు పరుగు బాట పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, గుర్రం దాటుతున్నప్పుడు ఒక్కొక్కటీ క్లిక్‌మనేలా తీగలు కట్టాడు. నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం దొరికింది. అయితే చిత్రకారులు అంతవరకూ గీస్తూ వచ్చినట్టు కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది కెమెరాల సంఖ్య కాదు. ప్రశ్న ముందు పుట్టింది. కెమెరాలు ఎక్కడ పెట్టాలో, ఎంత దగ్గర దగ్గరగా పెట్టాలో ఆ ప్రశ్నే చెప్పింది.

కాబట్టి ఏ టూలూ తెరవక ముందు ఒక కాగితం మీద మీ ప్రశ్న రాయండి. ‘నా బౌలింగ్ ఎలా ఉంది’ అన్నది ప్రశ్న కాదు. ‘బంతి వదిలే సమయానికి నా ముందు మోకాలు వంగుతోందా’ అన్నది ప్రశ్న. ‘చేను ఎలా ఉంది’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ‘ఆకు ముడత పైకి ఉందా, కిందికి ఉందా’ అంటే చెప్పడానికి వీలుంది. ప్రశ్న ఇలా చిక్కబడగానే ఏ క్షణం కావాలో మీకే తెలిసిపోతుంది.

ఎంత దగ్గర దగ్గరగా తీయాలి?

సెకనుకు 30 చొప్పున నిమిషానికి 1,800 ఫ్రేములు, గంటకు 1,08,000. అన్నీ ఇస్తే మోడల్ మోయలేదు, మీ జేబూ మోయలేదు. అన్నిటికన్నా పెద్ద నష్టం, అవసరమైన పది బొమ్మలు పనికిరాని వేల బొమ్మల్లో కలిసిపోతాయి. మరీ తక్కువ తీస్తే అసలు సంగతే జారిపోతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలి?

నేను నమ్మే లెక్క ఒకటుంది. మీరు వెతుకుతున్న సంగతి ఎంతసేపు కనిపిస్తుందో చూసుకోండి. ఆ వ్యవధిలో సగానికి ఒక ఫ్రేమ్ తీయండి. పాఠంలో ఒక స్లైడు కనీసం 20 సెకన్లు తెర మీద ఉంటుందనుకుంటే 10 సెకన్లకొక ఫ్రేమ్ చాలు, ఏ స్లైడూ తప్పించుకోదు. గేటు ముందు మనిషి నాలుగు సెకన్లలో దాటిపోతాడనుకుంటే రెండు సెకన్లకొకటి. ఇంతకన్నా ఎడం పెడితే చూడనిది చూసినట్టు, జరిగింది జరగనట్టు తేలవచ్చు. పౌరాణిక సినిమాల్లో పరుగెత్తే రథచక్రాలు ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది ఇందుకే. చక్రం వేగానికీ ఫ్రేముల వేగానికీ పొంతన కుదరక కన్ను తప్పుడు కదలికను అల్లుకుంటుంది. యంత్రం కూడా అలాగే అల్లుకుంటుంది.

బౌలింగ్ సంగతి చూడండి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి సెకనుకు 33 మీటర్లు పోతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య అది మీటరు పైచిలుకు దూరం దాటేస్తుంది. అంటే బంతి వేళ్లను విడిచే క్షణం ఏ ఫ్రేములోనూ లేకపోవచ్చు. అదే ఫోన్లో స్లో మోషన్ పెట్టి సెకనుకు 240 ఫ్రేములు తీస్తే ఆ ఎడం 14 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఇక సెకనుకు ఒక్క ఫ్రేమే చూసే యంత్రానికి పూర్తి వీడియో ఇచ్చారనుకోండి. బంతి చేయి వదిలి బ్యాటర్ దగ్గరకు చేరడానికే అర సెకనుకు కాస్త ఎక్కువ పడుతుంది. మొత్తం డెలివరీ ఒక్క ఫ్రేముకూ చిక్కకుండా పోవచ్చు. అయినా యంత్రం ‘మీ యాక్షన్ సాఫీగా ఉంది, ఫాలో త్రూ మెరుగుపరచుకోండి’ అని చెప్పగలదు. అది మీ గురించి చెప్పింది కాదు, ప్రపంచంలో బౌలింగ్ గురించి రాసినవన్నీ చదివి చెప్పింది.

ఈ పనికి నేను సూచించేది నాలుగే చోట్లు: వెనక కాలు నేలకు తగిలినప్పుడు, ముందు కాలు తగిలినప్పుడు, బంతి వదిలినప్పుడు, ఆ తర్వాత చేయి కిందికి దిగినప్పుడు. ఒక్కో చోట ముందూ వెనకా ఒక్కో ఫ్రేము కలిపితే ఒక బంతికి 12 బొమ్మలు. ఐదారు బంతులకు ఇలా తీస్తే అలవాటు ఏదో, ఆ రోజు అలసట ఏదో వేరుపడుతుంది. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. బంతి వేసేటప్పుడు వంగిన మోచేయి ఎన్ని డిగ్రీలు చాచుకుందో చెప్పమని అడక్కండి. ఐసీసీ 15 డిగ్రీల హద్దు పెట్టింది, నిజమే. కానీ దాన్ని కొలిచేది ప్రయోగశాలలో, చుట్టూ అనేక కెమెరాలు పెట్టి. ఒక్క ఫోన్ ఒక్క వైపు నుంచి తీసిన చదును బొమ్మలో ఆ కోణం తేలదు. పిల్లవాడి యాక్షన్ మీద ‘త్రో’ అనే ముద్ర వేయడానికి ఇలాంటి బొమ్మ ఎంతమాత్రం ఆధారం కాకూడదు.

చేతిలో ఉన్న పనిముట్లు

పది బొమ్మల పనికి వీఎల్‌సీ ప్లేయర్ చాలు. ఫ్రాన్స్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. వీడియో ఆపి, కీబోర్డు మీద ‘ఈ’ నొక్కుతుంటే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. కావలసిన చోట, విండోస్‌లో అయితే, షిఫ్టుతో పాటు ‘ఎస్’ నొక్కితే బొమ్మ పిక్చర్స్ ఫోల్డరులో చేరుతుంది. ఫోన్‌లో వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసే అలవాటు మానుకోండి. తెర ఎంత ఉంటే బొమ్మ అంతే వస్తుంది, పైన బటన్లూ గడియారమూ అచ్చయి ఉంటాయి.

వందల బొమ్మల పనికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉంది. ఫ్రెంచి ప్రోగ్రామరు ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టింది. ఉచితం. వీడియోతో పనిచేసే అసంఖ్యాకమైన టూళ్లు లోపల దీన్నే వాడుకుంటాయి. దీనికి బటన్లు ఉండవు, ఆజ్ఞ టైపు చేయాలి. భయపడాల్సింది లేదు. ‘ఫలానా వీడియోలో 2వ నిమిషం నుంచి 5వ నిమిషం దాకా, రెండు సెకన్లకొక ఫ్రేమ్, జేపెగ్‌గా, మంచి నాణ్యతతో కావాలి’ అని ఏ ఏఐని అడిగినా ఆ ఆజ్ఞ రాసిస్తుంది. మీరు గమనించాల్సినవి రెండు. ‘ఎఫ్‌పీఎస్’ అన్న చోట 1 ఉంటే సెకనుకొకటి, 0.5 ఉంటే రెండు సెకన్లకొకటి. జేపెగ్ నాణ్యత సంఖ్య ఎంత చిన్నదైతే బొమ్మ అంత మేలు, 2 పెట్టుకోండి. పెట్టకపోతే అది తనంతట తాను బొమ్మను బాగా నొక్కేస్తుంది, అంచులు చెదురుతాయి.

దృశ్యం మారినప్పుడే బొమ్మ తీసే పద్ధతి కూడా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉంది. ముందు ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ తేడా 0 నుంచి 1 మధ్య లెక్కగట్టి, మీరు పెట్టిన హద్దు దాటితే బొమ్మ తీస్తుంది. హద్దు 0.3 దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోవచ్చు. స్లైడ్లు మారే పాఠాలకు, షాట్లు కోసి అతికిన వార్తా కథనాలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నల్లబల్ల పాఠానికి మాత్రం పనికిరాదు. మాస్టారు నెమ్మదిగా రాసుకుంటూ పోతారు, ఏ క్షణంలోనూ పెద్ద మార్పు ఉండదు. అక్కడ కావలసిన ఫ్రేము ఒకే ఒక్కటి: ఆయన డస్టరు అందుకోవడానికి ముందు క్షణం. బల్ల నిండుగా ఉండేది అప్పుడే. స్లైడ్లలోనూ ఇదే సూత్రం. ఒక్కో వరసా ఒక్కోసారి వచ్చే స్లైడుకు మార్పు జరిగిన క్షణంలో బొమ్మ తీస్తే శీర్షిక తప్ప ఏమీ ఉండదు. తర్వాతి మార్పుకు ఒక సెకను ముందు తీయండి.

‘కీఫ్రేములు మాత్రమే తీస్తే త్వరగా అయిపోతుంది’ అని కొందరు సలహా ఇస్తారు. వీడియో ఫైలులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ, దాని తర్వాత వచ్చినవాటికి మార్పుల చిట్టా మాత్రమే ఉంటుంది. ఆ పూర్తి బొమ్మలే కీఫ్రేములు. వాటిని తీయడం వేగమే. అయితే అవి ఎక్కడ పడాలో నిర్ణయించింది ఫైలును కుదించిన సాఫ్ట్‌వేర్, తన సౌకర్యం కోసం. మీ ప్రశ్నతో దానికి పనిలేదు. మూడు గంటల రికార్డింగులో ఏముందో పైపైన తెలుసుకోవడానికి వాడండి, అంతకు మించి వద్దు.

బొమ్మలు తీశాక మసకబారినవి ఏరేయాలి. పక్కపక్క ఫ్రేముల్లోనే ఒకటి కడిగినట్టుంటుంది, ఇంకొకటి అలుక్కుపోయి ఉంటుంది. ఒకే దృశ్యాన్ని ఒకే నాణ్యతతో జేపెగ్‌గా తీసినప్పుడు స్పష్టమైన బొమ్మ ఫైలు సాధారణంగా పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే అంచులూ వివరాలూ ఎక్కువ చోటు తీసుకుంటాయి. ఫోల్డరును సైజు వారీగా సర్దితే మంచివి పైకి తేలతాయి. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోల్లో దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు కనిపిస్తే డీఇంటర్‌లేస్ చేయమని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు చెప్పాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా వచ్చినదాన్ని విశ్లేషణకు వాడకండి. పంపిన వారిని డాక్యుమెంటుగా మళ్లీ పంపమని అడగండి.

ఫైలు పేరులో వరస సంఖ్యతో పాటు సమయం కూడా ఉండాలి, ‘02 నిమిషాలు 14 సెకన్లు’ అన్నట్టు. ఫోన్ వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, వెలుతురు తగ్గినప్పుడు చాలా ఫోన్లు దాన్ని తగ్గించేస్తాయి. 900వ ఫ్రేమంటే కచ్చితంగా 30వ సెకను అనుకోవడానికి లేదు.

అడగడం

ఏఐకి బొమ్మలు ఇచ్చేటప్పుడు వరస చెప్పండి, సమయాలు చెప్పండి, రెండు ఫ్రేముల మధ్య ఎంత ఎడం ఉందో చెప్పండి. తర్వాత ఈ షరతు పెట్టండి: ‘ప్రతి మాటకూ ఏ బొమ్మలో చూసి చెబుతున్నావో నంబరు రాయి. కనిపించకపోతే కనిపించలేదని రాయి. రెండు బొమ్మల మధ్య ఏం జరిగిందో ఊహించవద్దు.’ ఈ మూడు వాక్యాలు జవాబు స్వభావాన్నే మార్చేస్తాయి. నంబరు వేసి చెప్పినప్పుడు మీరు ఆ బొమ్మ తెరిచి సరిచూసుకోవచ్చు. తప్పకుండా తెరవండి.

జవాబును ప్రశ్నలో పెట్టి అడగవద్దు. ‘ఇది తామర పురుగే కదా’ అంటే అవునని తలూపే ప్రమాదం ఎక్కువ. ‘ఆకు అంచులు ఎటు తిరిగి ఉన్నాయి’ అని అడగండి. మీకు జవాబు ముందే తెలిసిన బొమ్మ ఒకటి మధ్యలో కలపండి. దాని విషయంలో తడబడితే మిగతావాటిని ఎంత నమ్మాలో తెలుస్తుంది. చిన్న వివరం చూడాలంటే పూర్తి ఫ్రేముతో పాటు ఆ భాగాన్ని మాత్రమే కత్తిరించి ఇంకో బొమ్మగా ఇవ్వండి. పెద్ద బొమ్మను చాలా మోడళ్లు లోపల కుదించుకుని చూస్తాయి. ఆ కుదింపులో పురుగు కాస్తా చుక్కయి మాయమవుతుంది.

మిరప మాట వచ్చింది కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జవాబుకు రైతు డబ్బు కడతాడు. తామర పురుగు పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, తెల్లనల్లి పీలిస్తే కిందికి. రైతులు పైముడత, కిందిముడత అని పిలిచేది వీటినే. రెంటికీ మందులు వేరు. సాళ్ల మధ్య నిలబడి పైనుంచి తీసిన వీడియోలో ముడత ఉందని తెలుస్తుంది గానీ ఎటు ముడుచుకుందో తరచు తెలియదు. కావలసింది ఆకును పక్క నుంచి చూపే ఫ్రేము, ఆకు అడుగు చూపే ఫ్రేము. 2021-22లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను కుంగదీసిన నల్ల తామర పురుగు పూలలో చేరుతుంది. పువ్వు లోపలి భాగం చూపే ఫ్రేము లేకపోతే దాని గురించి ఏ యంత్రమూ ఏమీ చెప్పలేదు. అలాంటి ఫ్రేము మీ వీడియోలో లేదని తేలితే, పొలానికి మళ్లీ వెళ్లి తీయండి. ఏఐ చెప్పిన మాటను మీ మండల వ్యవసాయాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రం వారికో అవే బొమ్మలతో చూపించాకే మందు కొనండి.

సీసీ కెమెరా బొమ్మల విషయంలో

దొంగతనమో ప్రమాదమో జరిగినప్పుడు సీసీ కెమెరా వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి, ‘ఈ ముఖం స్పష్టంగా చేయి’, ‘నంబరు ప్లేటు చదువు’ అని ఏఐని అడుగుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మసకగా ఉన్న పది చుక్కల్లోంచి ముఖం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉన్న ముఖాన్ని వెలికితీయదు, ఉండదగిన ముఖాన్ని గీస్తుంది. ఆ గీసిన ముఖం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే దానికి దగ్గరగా ఉన్న ఒక అమాయకుడు బలవుతాడు. ఒకే ప్లేటు కనిపించే పది ఫ్రేములు తీసి పక్కపక్కన పెట్టి కంటితో చదవండి. ఒక ఫ్రేములో మొదటి అక్షరం, ఇంకో దాంట్లో చివరి అంకె తేటపడవచ్చు. నిజాయతీ గల దారి అదే.

అసలు ఫైలు మీద చేయి వేయవద్దు. నకలు తీసుకుని దాని మీద పనిచేయండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందుంచాలంటే సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే దాని వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది. సీసీ కెమెరా రికార్డరు (డీవీఆర్) గడియారం నిజ సమయానికి ఎన్ని నిమిషాలు ముందో వెనకో ఆ రోజే చూసి రాసిపెట్టుకోండి, తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇతరుల ముఖాలున్న బొమ్మలను ఏ సర్వరుకో ఎక్కించే ముందు వారి సమ్మతి తీసుకోండి. నాట్య పాఠశాల నడిపేవారికి ఇది మరీ ముఖ్యం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారిని పిల్లలుగా లెక్కగడుతుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అరమండి సరిచూడటానికి నడుము నుంచి పాదాల దాకా ఉంటే చాలు. ముఖం కత్తిరించేయండి.

తీసే ముందే ఆలోచిస్తే

కొన్నాళ్లు ఇలా ఫ్రేములు ఏరిన వాళ్లు వీడియో తీసే తీరే మారిపోతుంది. బౌలరును తీయాలంటే ఎండ బాగా ఉన్న వేళ, ఫోనును స్టాండు మీద, క్రీజుకు సరిగ్గా పక్కగా, నడుము ఎత్తులో పెడతారు. వెలుతురు ఎక్కువుంటే షట్టరు వేగంగా మూసుకుంటుంది, చేయి అలుక్కుపోదు. రెండో విడత అలాంటి బంతులనే వెనక నుంచి తీస్తారు. పాఠం రికార్డు చేసే విద్యార్థి బల్ల నాలుగు మూలలూ పట్టేలా కూర్చుంటాడు, డస్టరు పడే ముందు ఫోను కదపడు. చేలో అయితే నడుస్తూ తీయడం మానేసి, ప్రతి పది మొక్కలకూ ఒక చోట ఆగి, ఒక కొమ్మ పట్టుకుని, పక్క నుంచి రెండు సెకన్లు, ఆకు తిప్పి అడుగున రెండు సెకన్లు, పువ్వు విప్పి రెండు సెకన్లు, ఏ సాలో నోటితో చెబుతూ తీస్తారు. సెకనుకొక ఫ్రేము తీసినా ఆ వీడియోలోంచి ప్రతి ఆగిన చోటుకూ ఆరు బొమ్మలు వస్తాయి.